కాటా గదిలో తారుమారైన అంకెలు

మా మావయ్య కాటాలో ఏళ్ల తరబడి నిక్షేపంగా పనిచేసిన కంప్యూటర్‌ని చివరికి ఒక బల్లి చంపింది. వెనకనున్న కరెంటు డబ్బాలో దూరి, తనూ కాలిపోయి, దాన్నీ కాల్చేసింది. ఆ కబురు ఫోన్లో చెప్పినప్పుడు మావయ్య మొదట అడిగింది కంప్యూటర్ గురించి కాదు.

"అమ్మలూ, బల్లి మీద పడితే దోషం అంటారు కదా, మరి కంప్యూటర్‌లో పడితే ఎవరికంటావ్ దోషం? నాకా, కంప్యూటర్‌కా?"

నాకు తెలియదన్నాను.

"పోనీ కంప్యూటర్ సంగతన్నా తెలుసా?" అన్నాడు.

మావయ్య మా అమ్మకి ఆఖరి తమ్ముడు. నాకంటే ఎనిమిదేళ్లే పెద్ద. అందుకే మా ఇంట్లో పెద్దవాళ్లందరినీ మీరు అనే నేను ఆయన్ని మాత్రం నువ్వు అంటాను. తాడేపల్లిగూడెం బజార్లో ఆయనకి బెల్లం, పప్పుల హోల్‌సేల్ దుకాణం ఉంది. అది కాక దెందులూరు దగ్గర హైవే పక్కన ఒక వేబ్రిడ్జి. నేలకి సమానంగా పరిచిన పెద్ద ఇనప పలక, దాని పక్కన కిటికీ ఉన్న చిన్న గది. లారీ వచ్చి పలక మీద నిలబడితే, గదిలో కూర్చున్నవాళ్లు బరువు చూసి చీటీ ఇస్తారు. మా వైపు దాన్ని అందరూ కాటా అనే అంటారు.

కంప్యూటర్ల సంగతి నాకు తెలుసన్న నమ్మకం మా చుట్టాల్లో గట్టిగా ఉంది. ఏలూరులో ఇంట్లోనే కూర్చుని ఒక కంపెనీకి సాఫ్ట్‌వేర్ పని చేస్తాను. అది జీతం కోసం. అది కాకుండా, తెల్లవారుజామున లేచి, ఎవరూ అడక్కుండానే చేసే పని ఇంకొకటి ఉంది. పాత కంప్యూటర్‌లా నటించే ప్రోగ్రాం ఒకటి కొన్నేళ్లుగా రాస్తున్నాను. దాన్ని ఎమ్యులేటర్ అంటారు. ఎప్పుడో మూలన పడ్డ ఆపరేటింగ్ సిస్టం అందులో నిద్రలేచి, తాను తన కాలం నాటి మెషీన్లోనే ఉన్నాననుకుని పని మొదలుపెడుతుంది. అది మోసపోయిన ప్రతిసారీ నాకు చెప్పలేనంత సంబరం. మా ఆయన మాత్రం దీన్ని వచ్చినవాళ్లకి వేరేగా వివరిస్తారు. "మా ఆవిడ పొద్దున్నే లేచి, పోయిన కంప్యూటర్లకి తద్దినం పెడుతుందండి" అంటారు. వాళ్లు నిజమే కాబోలనుకుని నా వైపు జాలిగా చూస్తారు.

మావయ్య ఫోన్ వచ్చిన రోజున, నా జీవితంలో మొట్టమొదటిసారి ఆ పనితో ఎవరికో అవసరం పడింది.

కాటా గదిలో ఉన్న ప్రోగ్రాం, విండోస్ రాకముందు వాడిన డాస్ నాటిది. నల్లటి తెర మీద పచ్చటి అక్షరాలు. దాన్ని రాసినాయన ఎక్కడున్నాడో ఎవరికీ తెలియదు. కొత్త సిస్టం పెడతామని ఒక కంపెనీ మనిషి టచ్ స్క్రీన్ పట్టుకుని అంతకుముందే ఒకసారి వచ్చి వెళ్లాడట. కాటాలో కూర్చునేది ఒక పెద్దాయన. పొద్దుటి నుంచి చేపల లారీల వాళ్లు ఐసు నీళ్లు కారే చేతులతో ఇచ్చే కాగితాలు అందుకుంటూ ఉంటారు కాబట్టి, ఆయన వేళ్లు ఎప్పుడూ తడిగానే ఉంటాయి. ఆ వేలితో స్క్రీన్ ముట్టుకుంటే అది పలకలేదు. తుడుచుకుని ముట్టుకుంటే పలికింది. మళ్లీ లారీ వచ్చింది, మళ్లీ తడి. కాసేపటికి ఆయన ఆ కంపెనీ కుర్రాడితో ఎంతో మర్యాదగా, "చాలా బాగుందండి మీ టీవీ. పొడి చేతుల వాళ్లున్న చోట పెట్టుకోండి" అన్నారట.

ఆ పెద్దాయన్ని నేను కాటా బాబాయ్ గారు అంటాను. వాళ్లది కొల్లేరులో ఒక లంక గ్రామం. చేపల వేట వాళ్లింటి వృత్తి. ఇప్పటికీ అన్నదమ్ములతో కలిసి ఒక చేపల చెరువులో వాటా ఉంది. మా తాతగారి హయాంలో కాటాలో చేరారు. కంప్యూటర్ వచ్చినప్పుడు దాన్ని చూసి భయపడని ఏకైక మనిషి ఆయనేనని మావయ్య చెబుతూ ఉంటాడు. ఆయన పని చేసే తీరు ఒకటుంది. లారీ పలక మీదికి ఎక్కుతుండగానే దాని నెంబరు చదివేస్తారు. బండి ఇంకా ఊగుతూ ఉండగానే నెంబరు, డ్రైవరు పేరు, సరుకు టకటకా కొట్టేస్తారు. ఊగడం ఆగేసరికి బరువు దానంతటదే తెర మీదికి వస్తుంది. ఎంటర్ నొక్కితే చీటీ. తెర వైపు గానీ, కీబోర్డు వైపు గానీ చూడరు. కిటికీలోంచి బండినే చూస్తూ ఉంటారు.

నేను స్కూటీ మీద వెళ్లి, చచ్చిన కంప్యూటర్లోంచి హార్డ్ డిస్క్ తీసి చూశాను. బల్లి దాని జోలికి పోలేదు. అందులో ఉన్నదంతా కాపీ చేసుకుని, అరచేతి వెడల్పు కొత్త కంప్యూటర్ ఒకటి తెచ్చి, దానిమీద నా ఎమ్యులేటర్ పెట్టి, అందులో ఆ పాత డాస్‌నీ, కాటా ప్రోగ్రాంనీ లేపాను. పలక మీది బరువుని అంకెల్లో చూపిస్తూ కంప్యూటర్‌కి పంపే డబ్బా నుంచి వచ్చే కేబుల్‌ని ఒక కన్వర్టర్‌తో తగిలించాను. పచ్చటి అక్షరాలు వెలిగాయి. బాబాయ్ గారు కళ్లజోడు సర్దుకుని చూసి, "అదే మనిషండి. ఒళ్లు మాత్రం చిక్కింది" అన్నారు.

మావయ్య ఆ రోజు కాటా దగ్గరికి వచ్చిన ప్రతి డ్రైవరుకీ నన్ను చూపించి, "మా అక్క కూతురండి. పోయిన కంప్యూటర్‌ని లేపేసింది" అని చెప్పాడు. మా ఆయన మాటే కొంచెం గౌరవంగా తిప్పి చెప్పినట్టుంది. అయినా నాకు బాగానే అనిపించింది.

తర్వాత జరిగింది అర్థం కావాలంటే ఒక్క సంగతి చెప్పాలి. కంప్యూటర్ తన పని తాను చేసుకుంటూ ఉండగా చుట్టూ ఉన్న పరికరాలు దాన్ని పిలుస్తూ ఉంటాయి. ఎవరో కీ నొక్కారని కీబోర్డు పిలుస్తుంది. ఒక అంకె వచ్చిందని కేబుల్ పిలుస్తుంది. ఆ పిలుపుని ఇంటరప్ట్ అంటారు. పిలుపు రాగానే కంప్యూటర్ చేతిలో పని ఆపి, అది చూసి, ఆపిన చోటి నుంచి మళ్లీ మొదలుపెడుతుంది. ఇద్దరు ఒకేసారి పిలిస్తే ఎవరిని ముందు చూడాలో నిర్ణయించడానికి పాత మెషీన్లలో విడిగా ఒక చిప్ ఉండేది. దాని లెక్కలో కీబోర్డు పెద్ద, కేబుల్ చిన్న. చిన్నవాళ్ల పని జరుగుతుండగా పెద్దవాళ్లు పిలిస్తే లోపలికి పంపుతుంది. పెద్దవాళ్ల పని జరుగుతుండగా చిన్నవాళ్లొస్తే బయట నిలబెడుతుంది. తన పని తను చేస్తుండగా మళ్లీ తనే పిలిచినా అంతే, ఆగాల్సిందే. పని ముగించినవాళ్లు 'అయిపోయింది' అని ఆ చిప్‌కి చెప్పి వెళ్లాలి. నా ఎమ్యులేటర్లో ఆ చిప్ లేదు. ఆ చిప్ చేసే పనంతా నేను రాసిన కోడ్ చెయ్యాలి. చేస్తోందనే అనుకున్నాను.

పది రోజులు సజావుగా గడిచాయి. పదకొండో రోజు మధ్యాహ్నం గణపవరం నుంచి ఒక లారీ వచ్చింది. చేపల చెరువుకి తవుడు తీసుకెళ్తున్న బండి. చీటీ చూసుకున్న డ్రైవరు మళ్లీ కిటికీ దగ్గరికి వచ్చాడట.

"ఏవండీ, ఇదేంటండి? పదిహేను వేల రెండొందల నలభై ఉండాలండి. పన్నెండు వేల అయిదొందల నలభై వేశారు."

మళ్లీ తూస్తే పదిహేను వేల రెండు వందల నలభైయే వచ్చింది. డ్రైవరు నవ్వేసి వెళ్లిపోయాడు. రెండు రోజుల తర్వాత ఇంకో బండికి అలాగే అయింది. ఆ వారంలో ఇంకొకటి. ప్రతిసారీ పక్కపక్క అంకెలు రెండు తారుమారు. మావయ్య ఫోన్ చేశాడు.

"అమ్మలూ, రెండు టన్నుల ఏడొందల కేజీల తవుడు మాయమైందమ్మా. ఎలకలు తిన్నా అంత తినవు."

నేను ఇంట్లోంచే చూశాను. కేబుల్లోంచి వచ్చిన ప్రతి అంకెనీ ఒక ఫైల్లో రాసిపెట్టే ఏర్పాటు ముందే చేసుకున్నాను. అందులో అంకెలు సరైన వరసలోనే ఉన్నాయి. అంటే బరువు పంపే డబ్బా తప్పు లేదు, కేబుల్ తప్పు లేదు. ప్రోగ్రాం ఏళ్లుగా పనిచేసినదే. ఇక నా ఎమ్యులేటర్ అంటారా, దానిమీద నాకున్న నమ్మకం గురించి ఇప్పుడు రాయాలంటే సిగ్గుగా ఉంది. ఎన్ని పాత ఆపరేటింగ్ సిస్టంలు అందులో లేచి కూర్చున్నాయి! ఎన్ని పాత ఆటలు ఆడాయి! దానికి తప్పు అంటగట్టడం నా వల్ల కాలేదు. మిగిలింది మనిషి.

ఆ ప్రోగ్రాంలో ఒక కీ ఉంది. అది నొక్కితే బరువుని చేత్తో దిద్దొచ్చు. ఎప్పుడైనా బరువు డబ్బా పాడైతే వాడుకోవడానికి పెట్టినట్టున్నారు. నాకు దారి దొరికింది.

"మావయ్యా, బాబాయ్ గారు చూడకుండా కొడతారు కదా. పొరపాటున ఆ కీ తగిలి, బరువు చేత్తో కొట్టేస్తున్నారేమో. బరువు వచ్చేదాకా కీబోర్డు ముట్టుకోవద్దని చెప్పు."

"అలాగా" అన్నాడు మావయ్య. ఎప్పుడూ మాటకి రెండు మాటలు కలిపే మనిషి ఒక్క మాటతో ఊరుకున్నాడంటే నాకు అప్పుడే తట్టాల్సింది. తట్టలేదు.

బాబాయ్ గారు కీబోర్డు ముట్టుకోవడం మానేశారు. అంకెలు తారుమారవడం ఆగిపోయింది. రెండు వారాలు ఒక్క తప్పు లేదు. ఒక ఆదివారం ఉదయం ఇడ్లీలు తింటూ మా ఆయనకి ఈ విజయం వివరించాను.

"అంటే నీ ప్రోగ్రాం మంచిది, ఆ పెద్దాయన చేతులు చెడ్డవి. అంతేనా?" అన్నారు ఆయన.

"చెడ్డవని ఎవరన్నారండీ? పొరపాటు అన్నాను."

"పొరపాటేలే. కానీ నీ మెషీన్ తప్పు లేదని తేలినందుకు నీ మొహం చూడు, పెళ్లిచూపుల్లో నాకు నచ్చావని చెప్పిన రోజున కూడా ఇంత వెలగలేదు."

నేను ఆయనకి చట్నీ వెయ్యలేదు.

సోమవారం మావయ్య మళ్లీ ఫోన్ చేశాడు. ఈసారి గొంతులో సరదా లేదు. బాబాయ్ గారు వచ్చే నెల నుంచి రానంటున్నారట. చెరువు పని చూసుకుంటానన్నారట.

"ఏమైంది?" అన్నాను.

"ఏమవుతుందమ్మా. ఇప్పుడు బండి ఎక్కాక, బరువు వచ్చేదాకా చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంటున్నాడాయన. ఆ తర్వాత నెంబరు కొట్టి, పేరు కొట్టి, చీటీ ఇచ్చేసరికి వెనక పది లారీలు. హారన్లు. నిన్న ఎవడో డ్రైవరు 'ముసలాయనకి ఇంక చేతకావట్లేదండి' అన్నాడు. ఆయన విన్నాడు."

మావయ్యే మళ్లీ అందుకున్నాడు:

"ఇంకో సంగతి అమ్మలూ. నీకు తెలియక అన్నావు. నేను ఆయనకి నీ మాట చెప్పాను. కానీ కాటాలో కూర్చునే మనిషిని 'బరువు చేత్తో కొట్టారా' అని అడక్కూడదమ్మా. అది వేరే మాట."

ఫోన్ పెట్టేశాక గానీ నాకు అర్థం కాలేదు. నాకు అది ఒక కీ. కాటా మనిషికి అది తన నిజాయితీ. చేత్తో బరువు కొట్టేవాడంటే ఆ రోడ్డు మీద ఇంకేమీ చెప్పక్కర్లేదు. ఏళ్ల తరబడి ఒక్కరి చేత మాట పడని ఆయన్ని, ఏలూరులో ఫ్యాను కింద కూర్చుని నేను ఆ మాట అడిగించాను.

మర్నాడు సెలవు పెట్టి, లాప్‌టాప్ పట్టుకుని, పొద్దున్నే కాటాకి వెళ్లాను. బాబాయ్ గారు లేచి నిలబడి, తన కుర్చీ తుడిచి, "కూర్చోండి అమ్మాయిగారండీ, ఎండలో పడొచ్చారు" అన్నారు. నేను స్టూలు మీద కూర్చున్నాను. జరిగినదాని గురించి ఆయన ఒక్క మాట కూడా ఎత్తలేదు. మంచినీళ్లిచ్చారు. మా ఆయన కులాసాయేనా అని అడిగారు. ఇంత మర్యాద చేసే బదులు ఆయన నన్ను నాలుగు మాటలని ఉంటే హాయిగా ఉండేది.

లారీ వచ్చింది. ఆయన చేతులు ఒళ్లో పెట్టుకుని, బరువు కోసం చూస్తూ కూర్చున్నారు. ఆ చేతులు అలా ఖాళీగా ఉండటం నేను ఎప్పుడూ చూడలేదు.

"బాబాయ్ గారూ, మీ పాత పద్ధతిలోనే కొట్టండి" అన్నాను.

"మీరు వద్దన్నారు కదండీ."

"ఇప్పుడు నేనే కొట్టమంటున్నానండి. నాకు చూడాలని ఉంది."

"మళ్లీ తేడా వస్తే?"

"వస్తే నా కళ్ల ముందే రానివ్వండి."

ఆయన ఒక్క క్షణం ఆలోచించి, చేతులు పైకి తెచ్చారు. తర్వాతి బండికి టకటకా మొదలుపెట్టారు. ప్రతి కీకీ ఆ ప్రోగ్రాం ఒక చిన్న కూత కూస్తుంది. గదంతా ఆ కూతలతో నిండిపోయింది. ఊక లారీ సరిగ్గా వచ్చింది. ఇటుకల ట్రాక్టరు సరిగ్గా వచ్చింది. చేపల లారీ ఒకటి ఐసు నీళ్లు కార్చుకుంటూ, బరువు కుదుటపడక, చాలాసేపు సతాయించి, చివరికి అదీ సరిగ్గానే వచ్చింది. పెదవేగి వైపు నుంచి పామాయిల్ గెలల ట్రాక్టరు ఎక్కింది. ఆయన కొడుతున్నారు. నేను ఆయన వేళ్లనే చూస్తున్నాను. బరువు దిద్దే కీకి బెత్తెడు దూరంలో కూడా ఒక్క వేలు లేదు. తెర మీద బరువు పడింది. బరువు డబ్బా మీద ఒక అంకె, తెర మీద ఇంకో అంకె.

"ఇదిగోనండి, వచ్చింది" అన్నారు బాబాయ్ గారు, ఎదురుచూసిన చుట్టం వచ్చినట్టు. ఆ వెంటనే, నా వైపు చూడకుండా, "వేళ్ల వల్ల కాదండి. కూత వల్లండి" అన్నారు.

"కూతా?"

"బరువు పంపేటప్పుడు ఆ డబ్బా మీద పచ్చ లైటు మిణుకుమంటుంది చూడండి. సరిగ్గా ఆ లైటు వెలిగినప్పుడే నా కీ కూత పడితే, అంకెలు అటూ ఇటూ అవుతున్నాయండి. కూత అయిపోయాక వెలిగితే ఏం ఉండదు. పాతదానికి ఈ జబ్బు లేదండి."

"ఎప్పుడు గమనించారండి ఇది?"

"తవుడు లారీ రోజునేనండి."

"మరి నాకు చెప్పలేదేమండీ?"

"మీరు అడగలేదండి. షావుకారు గారికి మాత్రం చెప్పాను."

అప్పుడే మావయ్య టీ ఫ్లాస్కు పట్టుకుని లోపలికి వచ్చాడు. నేను ఆయన వైపు చూశాను.

"అంత చదువుకున్నదానివి, కూత గురించి నీకేం చెప్పమంటావమ్మా?" అన్నాడు. "నవ్వుతావని ఊరుకున్నాను."

నాకు నవ్వు రాలేదు. కూత అనగానే విషయమంతా కళ్ల ముందుకొచ్చింది. లాప్‌టాప్ తెరిచి, చిప్ పని చేసే నా కోడ్ దగ్గరికి వెళ్లాను. కీబోర్డు వాళ్లు పని ముగించి 'అయిపోయింది' అన్నప్పుడు చిప్ ఏం చెయ్యాలి? లోపల ఉన్నవాళ్లలో పెద్ద ఎవరో చూసి, ఆ ఒక్కరి పేరే కొట్టెయ్యాలి. మిగతావాళ్లు ఇంకా పనిలోనే ఉన్నారని గుర్తు పెట్టుకోవాలి. నా కోడ్ ఏం చేస్తోంది? ఎవరు 'అయిపోయింది' అన్నా అందరి పేర్లూ ఒకేసారి చెరిపేస్తోంది. ఒకే ఒక్క లైను. దాని పక్కన నేనే, ఎన్నేళ్ల క్రితమో, 'ప్రస్తుతానికి ఇది చాలు' అని రాసుకున్నాను.

జరుగుతున్నది ఇది. కేబుల్ నుంచి అయిదు వస్తుంది. ప్రోగ్రాం దాన్ని అందుకుంటుంది గానీ ఇంకా దాని చోట పెట్టదు. ఈలోపు బాబాయ్ గారు కీ నొక్కుతారు. కీబోర్డు పెద్ద కాబట్టి లోపలికి వస్తుంది, కూత కూస్తుంది. ఆ కూత ముగిసేలోపు వెనక రెండు వచ్చి బయట నిలబడుతుంది. కూత అయ్యాక కీబోర్డు 'అయిపోయింది' అంటుంది. నా కోడ్ అందరి పేర్లూ చెరిపేస్తుంది. అయిదు పని ఇంకా పూర్తవలేదన్న సంగతి ఇక ఎవరికీ గుర్తుండదు. వెనకే వచ్చిన రెండు, లోపల ఎవరూ లేరనుకుని దర్జాగా వచ్చి ముందు కూర్చుంటుంది. తర్వాత అయిదు. పదిహేను వేల రెండొందల నలభై కాస్తా పన్నెండు వేల అయిదొందల నలభై అవుతుంది. నా పాత ఆటల్లో ఇంత వేగంగా ఒకవైపు కీలు, ఇంకోవైపు కేబుల్ అంకెలు ఎప్పుడూ కలవలేదు. నా ఎమ్యులేటర్‌కి అసలైన పరీక్ష పెట్టింది బాబాయ్ గారి వేళ్లే.

అరగంట పట్టింది సరిచెయ్యడానికి. నిజానికి రాసింది నాలుగు లైన్లు. మిగతా సమయమంతా, ఇంకెక్కడెక్కడ 'ప్రస్తుతానికి ఇది చాలు' అని రాసుకున్నానో వెతుక్కోవడానికి సరిపోయింది. ఏడు దొరికాయి. ఆ సంగతి అక్కడ ఎవరికీ చెప్పలేదు.

"ఇప్పుడు కొట్టండి బాబాయ్ గారూ. ఎంత వేగంగా కొట్టగలిగితే అంత వేగంగా. అవసరం లేకపోయినా కొట్టండి."

ఆయన కొట్టారు. అంతకుముందు నేను చూసింది ఆయన మామూలు వేగమని అప్పుడు తెలిసింది. పచ్చ లైటు వెలుగుతుండగా కావాలని నొక్కారు. డ్రైవరు పేరు కొట్టి, చెరిపి, మళ్లీ కొట్టారు. ఒక ఇసుక లారీ డ్రైవరుకి తనకి తెలియకుండా తెర మీద నాలుగు ఇంటిపేర్లు మారాయి. మధ్యాహ్నం భోజనాల వేళ వరకూ వచ్చిన ప్రతి బండికీ డబ్బా మీద బరువు, తెర మీద బరువు ఒకటే.

నేను లేచి నిలబడ్డాను. మావయ్య వింటుండగానే చెప్పాలనుకున్నాను.

"బాబాయ్ గారూ, తప్పు నాదేనండి. మీ చేతుల్లో తప్పేం లేదు. నా కోడ్‌లో ఉంది. అది చూసుకోకుండా మిమ్మల్ని అడగకూడని మాట అడిగించాను. మన్నించండి."

ఆయన చాలా ఇబ్బంది పడిపోయారు. కళ్లజోడు తీసి, తుడిచి, పెట్టుకుని, మళ్లీ తీశారు.

"అయ్యయ్యో, అంత మాటెందుకండీ. తమరు చెప్పకపోతే మాత్రం మాకు తెలియదాండీ, ఈ చేతులు ఏం చేశాయో." అని ఆగి, "కాకపోతే మా ఇంట్లో ఆవిడకి ఒక్కసారి ఫోన్ చేసి చెప్తారాండీ? ఈ రెండు వారాలూ ఆవిడ నన్ను కళ్లు చూపించుకోమని ఒకటే పోరు" అన్నారు.

ఫోన్ చేశాను. ఆవిడ అంతా విని, "అయితే కళ్లు బాగానే ఉన్నాయంటారా?" అని అడిగారు. ఉన్నాయన్నాను. "పోనీ చెవులన్నా చూపించమని చెప్పండమ్మా. నేను పిలిస్తే వినపడదు" అన్నారు. కూత వినే కదా ఆయన తప్పు పట్టింది అని చెప్పబోయి, వాళ్ల సంసారంలో నేనెందుకులే అని ఊరుకున్నాను.

చెరువు పని మాట బాబాయ్ గారు మళ్లీ ఎత్తలేదు. మావయ్యా ఎత్తలేదు. నెల మారింది, ఆయన ఎప్పటిలాగే పొద్దున్నే వచ్చి కూర్చున్నారు. మేం ముగ్గురం ఆ విషయం గురించి చేసుకున్న ఒప్పందం అంతే.

కోడ్ సరిచేసిన ఆ రోజు, కాటా నుంచి బయలుదేరే ముందు నాకు ఒక కోరిక పుట్టింది. ఒక్క బండి నేను తూస్తానని అడిగాను. బాబాయ్ గారు సంతోషంగా కుర్చీ ఖాళీ చేశారు. ధాన్యం లారీ ఎక్కింది. నేను తల వంచి కీబోర్డు మీద అక్షరాలు వెతుక్కుంటూ నెంబరు కొడుతున్నాను. రోజంతా కీబోర్డు మీదే బతికే మనిషిని, కానీ కిటికీ అవతల లారీ నిలబడి చూస్తుంటే చేతులు వేరే ఎవరివో అయిపోయాయి. బరువు ఎప్పుడో వచ్చేసింది. నేను ఇంకా డ్రైవరు పేరు దగ్గరే ఉన్నాను. వెనక హారన్ మోగింది. ఇంకోటి మోగింది.

బాబాయ్ గారు కిటికీలోంచి తల బయటికి పెట్టి, ఎంతో శాంతంగా, "కొత్తావిడండి. కాస్త ఓపిక పట్టండి" అని కేకేశారు.

ఎంటర్ నొక్కాను. ప్రింటరు కరకరమని చీటీ తీసింది. గర్వంగా చింపి ఆయన చేతికిచ్చాను. ఆయన దాన్ని వెలుతురు వైపు పెట్టి చదివి, లారీ వైపు చూసి, మళ్లీ చీటీ వైపు చూశారు.

"బరువు నిక్షేపంగా ఉందండి" అన్నారు. "లారీ నెంబరే వేరే ఎవరిదోనండి."